మెట్లు దాచిన మేస్త్రీ

మా బావమరిది కట్టిన ఇళ్లలో మెట్లు కనబడవు. వీధిలో నిలబడి చూస్తే ప్రతి ఇల్లూ ఒక్క అంతస్తే. లోపలికి వెళ్లి వంటింట్లో గిన్నెల అలమర పక్కకు జరిపితే అప్పుడు తేలతాయి మెట్లు, సన్నగా, నిటారుగా, మనిషి భుజం కాస్త వాల్చి ఎక్కేటట్టు. ఒకరింట్లో బట్టల బీరువా వెనక ఉంటాయి. ఇంకొకరింట్లో సామాన్ల గది తలుపు తీస్తే లోపల మరో తలుపు, దాని వెనక ఉంటాయి. ఎక్కి చూస్తే పైన శుభ్రమైన గదులు, గాలీ వెలుతురూ, గోడకు ఒక్క బీట ఉండదు. ఇల్లు ఉన్నదానికంటే పెద్దదిగా కనబడేట్టు కట్టే మేస్త్రీలు ఊరినిండా ఉన్నారు. ఉన్నదానికంటే చిన్నదిగా కనబడేట్టు కట్టడం మావాడొక్కడికే చేతనైంది.

అతని గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మా వీధి ఇవాళ నిలబడి ఉందంటే అతనే కారణం, పోబోయిందంటే దానికీ అతనే కారణం. ఈ రెండు మాటలూ ఒక్క నోటితో చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి రాస్తున్నాను.

నేనెవరో కూడా చెప్పాలి. నేను చదివింది పల్లెటూరి బడిలో, ఏడో తరగతి దాకా. ఆ చదువుతోనే ఊరి నీళ్ల సరఫరాలో పంపు నడిపేవాడిగా చేరి, దిగేనాటికి పంపుహౌసు మొత్తానికి పెద్దనయ్యాను. ఇరవయ్యో ఎక్కం ఇప్పటికీ కింది నుంచి పైకి అప్పజెప్పగలను. నా డ్యూటీలో ఏ పూటా ఊళ్లో కుళాయి ఎండలేదు. మా వీధికి మంచినీళ్ల పైపు తెచ్చింది నేను. దీపాలు వేయించింది నేను. మురుగు కాలవ మీద బండలు పరిపించింది నేను. వీధి సంఘం పెట్టిందీ నేనే, పెట్టిననాటి నుంచి దానికి అధ్యక్షుణ్ణీ నేనే, ఏనాడూ పోటీ లేదు. కాలవ బండల పనికి నా పేరు చెక్కిన రాయి ఒకటి పాతారు. దాని మీద ఇప్పుడు పాలాయన భార్య బట్టలు ఉతుకుతుంది. పోనీలే, పేరు రోజూ శుభ్రంగా ఉంటుంది.

బావమరిదిని ఈ ఊరికి తెచ్చింది కూడా నేనే. మా పెళ్లయిన కొత్తలో మా ఆవిడ తమ్ముణ్ణి చూసి పొమ్మని పిలిస్తే, వచ్చినవాడు వెళ్లనే లేదు. సన్నగా, పొడుగ్గా, నోట్లో నాలుక లేనట్టు ఉండేవాడు. ఎవరైనా పలకరిస్తే వాళ్ల మొహం చూడడు, వాళ్ల వెనకున్న గోడను చూస్తాడు. పంపుహౌసు ప్రహరీ కడుతుంటే ఇటుకలందించే పనిలో నేను పెట్టించాను. పని ముగిసేసరికి తాపీ అతని చేతిలో ఉంది, పాత మేస్త్రీ ఇటుకలు అందిస్తున్నాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా చొక్కా జేబులో తూకం గుండు లేకుండా గడప దాటడు. పెళ్లిళ్లలో అందరూ భోజనాల వైపు వెళితే ఇతను వెళ్లి హాలు గోడకు గుండు వేలాడదీసి, "కొంచెం వాలింది బావా" అని నా చెవిలో ఊదుతాడు. వాలితే నేనేం చెయ్యను? పెళ్లి ఆపనా?

మెట్లు దాచడం ఎలా మొదలైందంటే, మున్సిపాలిటీ వల్ల. మాది నదికి దగ్గరి వీధి. పైన గది వేసుకోవాలంటే అనుమతి కావాలి. అనుమతి అడిగితే నదికి దగ్గర కాబట్టి ఆలోచించాలంటారు. ఆలోచిస్తూ ఉంటారు. ఈలోపల కొడుక్కి పెళ్లవుతుంది, మనవడు పుడతాడు, ఆ మనవడు బడికి కూడా పోతాడు. వాళ్లింకా ఆలోచిస్తూనే ఉంటారు. అనుమతి లేకుండా వేసుకుంటే అంతస్తుకింత అని పన్ను, పైన జరిమానా. అందుకని మావాడు ఈ ఉపాయం కనిపెట్టాడు. ముందు పిట్టగోడ ఎత్తు పెంచుతాడు, పైగది దాని వెనక్కి లాగుతాడు, మెట్లు ఇంటి కడుపులో దాస్తాడు. లెక్కలవాళ్లు వస్తే వీధి మొత్తం ఒక్క అంతస్తుగా ముడుచుకుని కూర్చునేది. నాకిది నచ్చేది కాదు. నేను ప్రభుత్వ నౌకరీ చేసినవాణ్ణి. నా ఇంటి మీద మాత్రం ఒక్క ఇటుక పెట్టనివ్వలేదు. ఆ సంగతి కూడా ఇక్కడే రాసిపెడుతున్నాను.

వీటన్నిటిలోకీ అతని గొప్ప పని అతని సొంత ఇల్లు. వీధి చివర, నదివైపున, ఆఖరిది. అతనికి ఒక్కతే కూతురు, కుట్టుపని చేస్తుంది. అల్లుడు బస్సు డ్రైవరు. వాళ్లకి వేరే కాపురం పెట్టుకునే చోటు దొరక్క, డాబా వెనక అంచున ఒక గది వేసిచ్చాడు. అక్కడ పిట్టగోడ చాలలేదు. ఏం చేశాడంటే, గది మూలలన్నీ గుండ్రంగా తిప్పేశాడు. బయట నల్లరంగు కొట్టాడు. పక్కనుంచి ఒక పైపు దింపాడు, ఎక్కడికీ పోని పైపు. వీధిలోంచి చూస్తే అదొక నీళ్ల ట్యాంకు. ఆ ట్యాంకులో మంచం, కుట్టుమిషను, పొయ్యి, ఉయ్యాల. కిటికీ వెనకవైపు, నది మీదికి తెరుచుకుంటుంది. దాంట్లోంచి చూస్తే గట్టు దాకా రెల్లు, తుమ్మ పొదలు, వాటి మీద వాలే తెల్ల కొంగలు. వీధి మొత్తంలో మంచం మీద నుంచి నది కనబడేది ఆ పిల్లకొక్కదానికే.

"ఎలా ఉందమ్మా కొత్త కాపురం?" అని నేను అడిగితే, "చల్లగా ఉంది మావయ్యా, మూత తీస్తే ఇంకా బావుంటుంది" అనేది. అల్లుడైతే బస్సులో అందరికీ చెప్పేవాడట, మా అత్తారు నన్ను నీళ్లలో దించారని.

ఇక అసలు సంగతి. మున్సిపల్ కౌన్సిల్ రెండు తీర్మానాలు చేసింది. ఒకటి, నదికీ మా వీధికీ మధ్య ఉన్న రెల్లు నేలను ఎవరూ ముట్టుకోకూడదు, అది నది సొత్తు. మంచిదే. రెండోది, ఊరు పక్కలకు పెరగడం ఆపి పైకి పెరగాలి. జనం ఒత్తుగా ఉన్న వీధుల్లో మూడంతస్తులకు అనుమతి. నది దగ్గర జనం పలచగా ఉన్న వీధుల్ని మాత్రం రెల్లు నేలలో కలిపేస్తారు. అక్కడ కొత్త ఇటుక పడకూడదు, పాత ఇల్లు కూలితే మళ్లీ లేవకూడదు, ఉన్నవాళ్లకి మెల్లగా ఊరికి ఆ చివర ఫ్లాట్లు ఇస్తారు. ఏ వీధి ఒత్తు, ఏ వీధి పలచన అన్నది మనుషులు వచ్చి లెక్కపెట్టి తేలుస్తారు. అంతే. చిన్నపిల్లకు చెప్పినా అర్థమయ్యే సంగతి.

ఆ లెక్క జరిగిన వారం నేను ఊళ్లో లేను. కంటి ఆపరేషను చేయించుకుని మా పెద్దమ్మాయి ఇంట్లో కట్టుతో పడుకుని ఉన్నాను. నా జీవితంలో నేను లేకుండా మా వీధి చేసిన పని అదొక్కటే. చేసిన పని చూడండి.

కట్టు విప్పి తిరిగొచ్చాను. ఆటో దిగగానే వీధి మొదట్లో కొత్త బోర్డు. దాని మీద కొంగ బొమ్మ, కింద "నదీతీర రక్షిత ప్రాంతం, నిర్మాణాలు నిషిద్ధం." కొత్త కంటితో నేను స్పష్టంగా చదివిన మొదటి అక్షరాలవి. పెట్టె మా ఆవిడ చేతికిచ్చి తిన్నగా వీధి చివరికి నడిచాను. బావమరిది అరుగు మీద కూర్చుని తాపీ తుడుచుకుంటున్నాడు.

"ఏమిట్రా అది?"

"బోర్డు బావా."

"బోర్డని నాకూ తెలుసు. మన వీధి మొదట్లో ఎందుకుంది?"

అతను నా వెనక గోడను చూశాడు. "లెక్కకొచ్చారు బావా. పన్నుకేమో అనుకున్నాం."

"అనుకుని?"

"దాచాం."

"ఏం దాచారు?"

"అన్నీ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆపరేషనైన కంటికి కోపం పనికిరాదని డాక్టరు చెప్పాడు కాబట్టి రెండో కన్నుతో చూశాను.

ఆ రోజు జరిగిందంతా అతని భార్య చెప్పింది, కాఫీ నా చేతిలో పెడుతూ. "ఏం చెప్పమంటారన్నయ్యగారూ. పొద్దున్నే పని దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చారు ఈయన. లెక్కలోళ్లొస్తున్నారు, లెక్కలోళ్లొస్తున్నారు అని ఇంటింటికీ తిరిగారు. ఇంకేముంది, అందరూ బీరువాలు జరపడమే. డాబాల మీద బట్టలన్నీ లాగేశారు. పైన అద్దెకున్నోళ్లందర్నీ సినిమాకి పంపేశారు. పాలాయన భార్య గుమ్మంలో నిలబడి, ముసలాళ్లం మేమిద్దరమేనమ్మా అంది. వెనకాల చూస్తే గడప దగ్గర చెప్పుల గుట్ట."

"మరి మీ ఇల్లు?"

"ఆ ప్లానింగు మేడమ్ గారు పైకి చూసి, ట్యాంకు చాలా పెద్దదుందేమిటండీ అంది. ఈయనేమో, మేం స్నానాలు ఎక్కువ చేస్తామండీ అన్నారు."

"ఆవిడ నమ్మిందా?"

"రాసుకుంది."

బావమరిది అప్పుడు నోరు విప్పాడు. "ఒక్క మెట్టు కూడా కనిపెట్టలేకపోయారు బావా." ఆ గొంతులో, చెప్పడానికి సిగ్గేస్తోంది కానీ, సంతోషం ఉంది.

"కొంప ముంచి, పైగా అదొక గొప్పా?" అన్నాను. "నువ్వు చేతులు కట్టుకు కూర్చుంటే మూడంతస్తులకు అనుమతి వచ్చేది కదరా! దర్జాగా వేసుకునేవాళ్లు కదరా అందరూ!"

"పన్ను…" అన్నాడు.

"పన్ను వేయడానికి ఇల్లుండాలి కదా!"

మర్నాటి నుంచి మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరగడం నా వంతైంది. ఆ ఆఫీసులో కుర్చీలన్నీ లోపల ఉంటాయి, మనుషులంతా బయట ఉంటారు. మొదటి గదిలో గుమస్తా కంప్యూటరు చూసి, "మీ వీధిలో జనం లేరండీ" అన్నాడు.

"మరి నేనెవరిని?"

"మీరు ఆరోజు లేరు కదండీ."

రెండో గదిలో మా వార్డు కౌన్సిలరు. నన్ను చూడగానే లేచి కుర్చీ వేశాడు, ఎందుకంటే అతన్ని మొదటిసారి నిలబెట్టింది మా వీధి సంఘమే. సంగతి విని తల పట్టుకున్నాడు. "పెద్దాయనా, మీ వీధిలో నాకు పడ్డ ఓట్లు చూస్తే అక్కడొక ఊరుంది. ఈ లెక్క చూస్తే కొంగలున్నాయి. కౌన్సిల్లో నేను ఏమని మాట్లాడను? మా వీధి వాళ్లు అబద్ధమాడారండీ అననా, లేకపోతే ఓట్లు కొంగలేశాయి అననా?"

చివరి గది ప్లానింగు మేడమ్‌ది. మా రెండో అమ్మాయి వయసుంటుంది. గోడ మీద ఊరి పటం, దాని మీద నది పొడుగునా ఒక ఎర్ర గీత. నేనేదో గట్టిగా అరవాలని సిద్ధపడి వెళ్లాను. ఆవిడ మంచినీళ్లిచ్చి కూర్చోమంది.

"చూడండి, నీరు పెరిగిందంటే ఎక్కడో ఒక చోట ఆగాలి. ఆ రెల్లు నేల తీసేస్తే వచ్చి మీ మంచాల కింద ఆగుతుంది. అందుకే ఈ గీత."

"నీళ్ల సంగతి నాకు చెప్పక్కర్లేదమ్మా, బతుకంతా వాటితోనే గడిపాను. రెల్లు నేల జోలికి రావద్దని నేనూ అంటాను. కానీ మా వీధి గీతకి ఇవతల ఉంది కదా. మాది ఒత్తయిన వీధమ్మా. లోపల క్రిక్కిరిసి ఉన్నాం."

"మీవాళ్లే లేమన్నారు."

"అలవాటు చొప్పున అన్నారు."

ఆవిడ నవ్వు ఆపుకుంది. తరవాత ఖచ్చితంగా చెప్పింది. మళ్లీ లెక్కకు ఒక్కసారే వస్తుంది. నది చివర మొదటి ఇంటి నుంచి మొదలుపెడుతుంది. ఆ ఇంట్లో మొదటిసారి చెప్పిందే చెబితే అక్కడి నుంచే తిరిగి వెళ్లిపోతుంది, వీధి రెల్లులో కలిసినట్టే. నిజం చూపిస్తే వీధంతా లెక్కపెడుతుంది, గీతకి ఇవతల ఉన్న పైగదులన్నిటికీ అనుమతి ఇప్పిస్తుంది. గీత దాటిన గది ఉంటే మాత్రం తీసెయ్యాలి.

నేను లేచి పటం దగ్గరికి వెళ్లాను. ఎర్ర గీత వచ్చి వచ్చి వీధి చివర ఇంటి వెనక మూలను కోసుకుంటూ పోయింది. ట్యాంకు సరిగ్గా ఆ మూలనే ఉంది. నా బావమరిదికి ఊళ్లో ఇంకెక్కడా చోటు దొరకలేదు.

ఆదివారం మా ఇంటి ముందుగదిలో సంఘం సమావేశం పెట్టాను. సంగతి విడమరిచి చెప్పాను. అందరి కళ్లూ బావమరిది మీదికి తిరిగాయి. అతని కళ్లు మా గోడ మీద ఉన్నాయి.

"మేస్త్రీగారు తలుపు తీస్తే అందరం బతుకుతాం" అన్నాడు పాలాయన.

"నీ గది పోతుందా? నోరు ఊరికే లేస్తుంది" అంది బావమరిది భార్య.

"ఆ రోజు మమ్మల్ని దాచమన్నదెవరమ్మా?"

"దాచినందుకు ఇన్నేళ్లూ పన్ను లేకుండా పైన అద్దెలు తిన్నదెవరో?"

నేను బల్ల చరిచాను. బల్ల చరవడంలో నాకు అనుభవం ఉంది. గొడవ సద్దుమణిగింది కానీ ఏదీ తేలలేదు. బావమరిది వెళుతూ వెళుతూ గుమ్మంలో నన్ను ఆపి, "బావా, రాత్రికి రాత్రి ఆ గదిని ఇవతలికి జరిపే మార్గమేదన్నా…" అన్నాడు. "అది బీరువా కాదురా" అన్నాను.

నిజం చెప్పాలంటే నాకూ పాలుపోలేదు. ఆ పిల్ల పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది మా ఆవిడ. ఇప్పుడా పిల్ల చంకలో పసిబిడ్డ. ఉన్న చోటు ఒక్క ట్యాంకు. దాన్ని కూల్చమని అధ్యక్షుడి హోదాలో నేను చెప్పాలా, మావయ్య వరసలో వద్దనాలా?

ఆ పిల్లే మా ఇంటికి వచ్చింది, వాళ్లత్తకి రవికలు ఇవ్వడానికి. నన్ను చూసి, "మావయ్యా, నాన్న అన్నం తినడం లేదు" అంది.

"నీ గది గురించేనమ్మా బెంగ."

"గది కాదు, ట్యాంకు. నాకు అందులో ఊపిరాడక కాదు మావయ్యా. గాలి బాగానే వస్తుంది, నది కనబడుతుంది. కానీ నేను అక్కడ లేను కదా. గ్యాసు నాన్న పేరు మీద. బట్టలు కుట్టబడును అని బోర్డు పెడదామంటే పెట్టకూడదు. పోస్టుమాన్ వస్తే ట్యాంకులోకి ఎక్కడు కదా, కింద పడేసిపోతాడు. మొన్న బేరం ఒకామె నీ కొట్టెక్కడమ్మా అని అడిగితే ఏం చెప్పాలి? పైపు పట్టుకుని పాకి రమ్మనాలా?"

"మరి మీ నాన్నతో చెప్పు."

"చెప్పాను. గోడ చూశాడు."

మేడమ్ వచ్చే రోజు రానే వచ్చింది. ఆవిడా, ఆవిడ వెంట టేపు పట్టుకున్న మనిషీ. వీధి మొత్తం గుమ్మాల్లో నిలబడి ఉంది, పెళ్లికొడుకు వస్తున్నట్టు. నేను అధ్యక్షుణ్ణి కాబట్టి ముందు నడిచాను. బావమరిది ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబులో గుండు బరువుకి చొక్కా ఒక పక్కకి జారి ఉంది.

మేడమ్ ఇంట్లోకి వెళ్లి అన్నీ చూసింది. వంటింట్లో అలమర ముందు ఆగింది. పైకి చూసి మామూలుగా అడిగింది. "పైన ఏముందండీ?"

బావమరిది నోరు తెరిచాడు. ఏళ్ల తరబడి పళ్ల వెనక కాపురమున్న మాట దానంతటదే బయటికొచ్చింది.

"ట్యాంకండీ."

నేను తల బాదుకున్నాను. నిజంగానే బాదుకున్నాను, మేడమ్ ముందే. పాలాయన వెనకనుంచి "అయిపోయింది, పదండి, సామాన్లు సర్దుకుందాం" అన్నాడు. మేడమ్ కలం మూసింది.

అప్పుడు పైనుంచి కుట్టుమిషను చప్పుడు మొదలైంది. టకటకటకటక. అంతకుముందు లెక్కప్పుడు ఆ చప్పుడు ఆపించారు. ఇప్పుడు ఆ పిల్ల కావాలనే తొక్కుతోంది. ఆగదు. ఇల్లంతా అదురుతోంది, అలమరలో గిన్నెలు చిన్నగా మోగుతున్నాయి.

మేడమ్ పైకి చూసింది. "మీ ట్యాంకు ఏం కుడుతోందండీ?"

ఎవరో కిసుక్కుమన్నారు. బావమరిది మొహం ఎర్రబడింది. అతను మొదటిసారి గోడని కాక ఎదుటి మనిషిని చూశాడు. అలమర అంచు పట్టుకుని ఒక్క తోపు తోశాడు. అది మెత్తగా, చప్పుడు లేకుండా జరిగింది. కింద చక్రాలున్నాయి, ఎంత తిన్నగా జరిగిందో నేను కూడా చూసి ముచ్చటపడ్డాను.

"మా అమ్మాయి కాపురమండీ" అన్నాడు. "నేనే కట్టాను. రండి, చూడండి. తల జాగ్రత్త."

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ మీరొకటి ఆలోచించండి. జన్మంతా ఒక మనిషి మంచి పని చేసి, ఆ పని ఎవరికీ కనబడకపోవడమే దాని గొప్పతనంగా బతికాడు. అది ఇవాళ మొదటిసారి ఒకరికి చూపించాడు. ఆ చూసినావిడ మెట్లెక్కి, గదిలో నిలబడి, గుండ్రటి మూల మీద చెయ్యి పెట్టి, "చాలా బాగా కట్టారండీ" అంది. అంతే, మావాడి కట్టలు తెగాయి.

కిందికి దిగి పక్కింట్లోకి నడిచాడు. ఇంటావిడ ఇంకా "మాకు పైన ఏం లే…" అంటూనే ఉంది, ఇతను ఆవిడ బట్టల బీరువా పక్కకి లాగి, "ఇది చూడండి మేడమ్, ఇక్కడ మలుపు పెట్టడానికి చాలా కష్టపడ్డాను" అన్నాడు. ఆ తరవాతి ఇంట్లో స్నానాల గది తలుపు తట్టాడు. లోపల ఇంటాయన ఒంటి మీద సబ్బుతో ఉన్నాడు. "కాస్త పక్కకి జరగండి, మెట్లు చూపించాలి" అన్నాడు. పాలాయన ఇంట్లో మేడమెట్లు ఎక్కడున్నాయో పాలాయన రెండో కోడలికే తెలియదట. అదీ చూపించాడు. వీధి వీధంతా నోరు తెరుచుకుని నిలబడింది. ఎవరింట్లోంచి ఎంతమంది బయటికొస్తున్నారో చూస్తే నాకే మతిపోయింది. నేను అధ్యక్షత వహించిన వీధిలో ఇంత జనం ఉన్నారని నాకూ తెలియదు.

"ఒరేయ్, చాలురా, కాస్త ఊపిరి పీల్చుకోనీ ఆవిణ్ణి" అని చొక్కా పట్టుకు లాగాను.

"ఒక్కటే బావా, ఆ వీధి మొదటింటి అటక మెట్లు ఒక్కటీ…"

మేడమ్ వెంట వచ్చినాయన టేపు చుట్టడం మానేసి గోడకి చేరగిలబడ్డాడు.

మా వీధి ఒత్తయిన వీధిగా తేలింది. కొంగ బోర్డు పీకి వీధి చివరికి, గీత దగ్గరికి మార్చారు. పైగదులన్నిటికీ అనుమతి వచ్చింది, పన్నూ వచ్చింది. పన్ను వచ్చిన రోజు అందరూ బావమరిదిని తిట్టారు. అనుమతి వచ్చిన రోజు ఎవరూ పొగడలేదు. మనవాళ్ల సంగతి మనకు తెలిసిందే.

ట్యాంకును మాత్రం తీసెయ్యమన్నారు. మున్సిపాలిటీ మనుషులు గునపాలతో వస్తారని తెలిసి బావమరిది వాళ్ల కంటే ముందే పని మొదలుపెట్టాడు. పగలగొట్టలేదు. ఇటుక ఇటుకా విప్పాడు, పాత సున్నం గీకి, తడిపి, ఒక పక్కన పేర్చాడు. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. కూతురు కింద నిలబడి పసిదాన్ని జోకొడుతూ చూసింది. పైపు ఊడదీసేటప్పుడు మాత్రం "నాన్నా, దాన్ని జాగ్రత్తగా దింపు, ఎక్కడికి పోతుందో ఏమో" అంది. అతను నవ్వాడు. పైపు భుజాన వేసుకుని దిగాడు. ఆ ఏడాది వానలకి నీరు రెల్లు నేలంతా నింపి అతని వెనక గోడ దాకా వచ్చి ఆగింది. నాలుగు రోజులు కదలకుండా ఉండి, వెనక్కి పోయింది. "అమ్మాయి గది కిందకే వచ్చేది బావా" అన్నాడు.

ఆ ఇటుకలు ఎక్కడికి పోయాయంటే, మా ఇంటి మీదికి. నా ఇంటి మీద ఒక్క ఇటుక పెట్టనివ్వలేదని ఇందాక రాశాను కదా. అనుమతి వచ్చాక పెట్టనిచ్చాను. అన్నీ పద్ధతి ప్రకారం. గీతకి ఇవతల, అంతస్తు లెక్కలో, ప్లాను మీద మేడమ్ సంతకంతో. ఆ పిల్లా, అల్లుడూ, పసిదీ మా పైన ఉంటున్నారు. మా ఆవిడకి కాళ్ల నొప్పులు మాయమైపోయాయి, రోజూ మేడ మీదే ఉంటుంది.

కానీ ఆ మెట్లు! కడుపులో పెట్టరా, లేదా పక్కన వెయ్యరా అని చెప్పాను. వినలేదు. ఇంటి ముందు, సరిగ్గా గుమ్మం పక్కన, వీధి మొత్తానికి కనబడేటట్టు కట్టాడు. వెడల్పు మెట్లు. ఒంపు తిరిగి వస్తాయి, అంచులకి నగిషీ, చేతి కమ్మీకి ఎర్ర రంగు. ఇద్దరు పక్కపక్కన చేతులు ఊపుకుంటూ ఎక్కొచ్చు. నేను పొద్దున్నే పేపరు చదువుకునే నా కిటికీకి ఎండ రాకుండా చేశాడు. కమ్మీకి ఆ పిల్ల బోర్డు, "ఇచట బట్టలు కుట్టబడును", దాని కింద బాణం గుర్తు, పైకి. బేరానికొచ్చేవాళ్లంతా నా నెత్తి మీద నుంచే ఎక్కుతారు, దిగుతారు. ప్రతివాళ్లూ కిటికీలోంచి నన్ను పలకరిస్తారు. పేపరు మొదటి పేజీ దాటి నేను చదివి ఎన్నాళ్లయిందో.

నిన్న మున్సిపాలిటీ నుంచి టేపు పట్టుకున్న ఆ మనిషే వచ్చాడు. కొత్త తీర్మానమట. ఇంటి ముందు మెట్లు వీధిలోకి రాకూడదట. మా చివరి మెట్టు జానెడు వచ్చిందట.

"ఇవి ఎప్పుడు కట్టారండీ?" అని అడిగాడు.

నేను గొంతు సవరించుకున్నాను. ఇలాంటి చోట ఎలా మాట్లాడాలో నాకు తెలుసు. విషయం కాస్త అటూ ఇటూ తిప్పి, మేడమ్ పేరు ఎత్తి, కౌన్సిలరు పేరు ఎత్తి, మెల్లగా నడిపించాలి. నేను నోరు తెరిచేలోపలే బావమరిది ఎక్కడి నుంచి వచ్చాడో వచ్చేశాడు.

"నేనేనండీ, ఈ మధ్యనే. జానెడు కాదు, జానెడు మీద రెండు వేళ్లు. మళ్లీ కొలవండి" అన్నాడు. టేపు కొస తానే పట్టుకున్నాడు. "ఆ ఒంపు చూశారా? ఒంపు అందంగా రావాలంటే ఆ రెండు వేళ్లూ కావాలి. ఒకసారి ఎక్కి చూడండి, ఎక్కండి, మొహమాటపడకండి."

ఆయన్ని పైదాకా ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించాడు. దిగేటప్పుడు ఆ పిల్ల ఆయన చొక్కాకి ఊడిపోయిన గుండీ కుట్టిపెట్టింది. ఆయన టీ తాగాడు, మెట్లు చాలా బాగున్నాయన్నాడు, నోటీసు ఇచ్చి వెళ్లాడు.

సోమవారం మళ్లీ ఆఫీసుకి వెళుతున్నాను. ఏ గదిలో ఎవరితో ఏం మాట్లాడాలో నాకు తెలుసు. ఆ మెట్లు ఉంటాయి, నేను ఉండనిస్తాను. కానీ ఈసారి ఆ మేస్త్రీని మాత్రం వెంట తీసుకెళ్లను.